మూడో అంశం: జున్ను

ప్రశ్న నన్ను అడిగారు. జవాబు చెప్పడానికి మాత్రం మా ఇల్లు, మా గల్లీ, మా బడి అందరూ ముందుకొచ్చారు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాందేడ్‌లో నేను పన్నెండో తరగతి పాసైన ఏడు అది. మనుషుల డాక్టరు చదువుకు మార్కులు చాలలేదు. పశువైద్య డిగ్రీకి చాలవచ్చని తెలిసి దరఖాస్తు తెప్పించుకున్నాను. దానికి ఒక తెల్లకాగితం జతచేయాలట. ఈ విద్య ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక పుట మించకుండా సొంత చేతిరాతతో రాయండి, కింద తండ్రి సంతకం చేయించండి అని మరాఠీలో అచ్చువేసి ఉంది. మార్కులు దగ్గర దగ్గరగా ఉన్నవాళ్ళలో ఎవరిని తీసుకోవాలో ఆ కాగితం చూసి తేలుస్తారని సైన్సు సారు చెప్పారు. నావి సరిగ్గా అలాంటి మార్కులే. ఆ పుట కుదిరితే హాస్టలుకు పోతాను. కుదరకపోతే ఇత్వారా బజారులో మా దుకాణం వెనక గదిలో, పత్తిగింజల బస్తాల పక్కన, పెళ్ళివారు వచ్చేదాకా కూర్చుంటాను. మధ్యలో ఇంకో దారి లేదు.

మా బాపుది, అంటే మా నాయనది, గొడ్ల సామాను దుకాణం. పగ్గాలు, పలుపులు, గంటలు, తెలగపిండి, పత్తిగింజలు అమ్మేవారు. బిలోలి వైపు నుంచి రైతులు బస్సు దిగి నేరుగా మా దుకాణానికే వచ్చేవారు. సంతలో బర్రె అమ్మినా ఎడ్లు కొన్నా అమ్మకం కాగితం మీద తెలిసిన షావుకారు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. అలా మా బాపు సంతకం ఎన్నో ఊళ్ళ కొట్టాల్లోకి చేరింది. మాకు గొడ్డుతో పరిచయం అమ్మకాల దాకానే అని జనం అనుకునేవారు. సైన్సు సారు అయితే నా మొహం మీదే అన్నారు. ఆయన మరాఠీ ఆయనే కాని మాతో దక్నీలో మాట్లాడేవారు.

"అరే, షావుకారోళ్ళ పిల్లవి, నీకు గొడ్ల గురించి ఏం తెలుసు? నేను చెప్తా, రాసుకో."

నాకు చిన్నతనం నుంచి మూగజీవాలంటే ప్రేమ అని ఆయన చెప్పారు. దేశానికి వెన్నెముక రైతు అన్నారు, రైతుకు వెన్నెముక ఎద్దు అన్నారు. రాసుకున్నాను. ఇంటికొచ్చి చదివితే అది నా పక్క బెంచీ పిల్లకు చెప్పిన వ్యాసమే అనిపించింది. మరునాడు ఆ పిల్లను అడిగితే తన కాగితం తీసి చూపించింది. ఎద్దుల దగ్గర కామా తప్ప తేడా లేదు. నాకు ప్రేమ ఉందో లేదో కనుక్కోకుండా ఇద్దరికీ ఒకే ప్రేమ పంచిపెట్టిన సారును నేను క్షమించలేదు.

తరువాత మా అన్న వంతు. అతను బీకాం. రాసుకోవడానికి అతనికి బల్ల ఉండేది, దానిమీద దీపం ఉండేది. నేను బియ్యం డబ్బా మూత మీద పెట్టుకుని రాసేదాన్ని. కాగితం కింద మూత సొట్టపడి ఉండటంతో మధ్య అక్షరాలన్నీ గుంటలో పడేవి.

"ఏందే, గొడ్ల డాక్టరమ్మా, ఇంక కాలేదా?" అని అన్న బల్ల దగ్గర నుంచే అడిగాడు. "ఏముంటది రాసేటందుకు? మనుషుల డాక్టరు సీటు రాలే, గందుకే గొడ్లకాడికి వస్తున్న అని రాయి. ఒక్క లైనుల అయిపోతది."

"నీకు అది కూడ రాలే గద."

"నేను అడగలే గద."

మా అమ్మ నవ్వింది. ఎవరి మాటకు నవ్విందో నేను అప్పుడే అడిగాను. చెప్పలేదు.

ఆ వారమంతా నేను ఒకచోట కూర్చోలేదు. మిద్దె మీదికి పోయేదాన్ని, వాన పడితే దిగేదాన్ని, కాగితం మీద ఒక వాక్యం రాసి కొట్టేసి మళ్ళీ మెట్లెక్కేదాన్ని. ఎందుకు చదవాలనుకుంటున్నాను? సీటు దొరికేట్టుంది కాబట్టి. ఇల్లు విడిచి పోవచ్చు కాబట్టి. ఇవి రాస్తే ఎవరిస్తారు? మూగజీవాల ప్రేమ రాయబోతే కలం కదలడం లేదు. మా గల్లీలో కుక్క వస్తే పక్కకు తప్పుకునేదాన్ని నేను.

నా చేతికి ఒక్క రకం రాతే అలవాటు. అది తక్రార్ అర్జు, అంటే ఫిర్యాదు పత్రం. ఏడో తరగతి నుంచి గల్లీ మొత్తానికి నేనే రాసేదాన్ని. నల్లా నీళ్ళు రాకపోతే, దీపస్తంభం వెలగకపోతే, రేషన్లో రాళ్ళు కలిస్తే ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. పైన విషయం, కింద అంశాలు వరసగా ఒకటి, రెండు, మూడు, చివర "తరీ వినంతీ కీ", అంటే కావున మనవి, అని మొదలుపెట్టి విచారణ చేయమని ప్రార్థన, ఆ కింద అర్జీదారు సంతకం, దాని పక్కన సాక్షి. నగర్‌పాలికలో నా దస్తూరీ గుర్తుపట్టి గుమాస్తా మొహం తిప్పుకునేవాడని పేరు. మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, అందరికీ చెప్పేది: "మా పోరి పుట్టంగనే ఏడ్వలే, తక్రార్ చేసింది."

నాలుగోరోజో అయిదోరోజో, మిద్దె మీద పిట్టగోడకు కాగితం ఆనించి, ఇక విసిగిపోయి, నాకొచ్చిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. విషయం: మా ఇంటి దున్నదూడ చావు గురించి.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పటి సంగతి. మా ఇంటి వెనక కొట్టంలో ఒక బర్రె ఉండేది. అది ఈనింది. దున్నదూడ. పెయ్యదూడ అయితే రేపు బర్రె అవుతుంది, పాలిస్తుంది కాబట్టి దాన్ని చూసుకుంటారు. దున్నదూడ పట్నంలో దేనికి? దున్నాలా, బండికి కట్టాలా? పాలన్నీ మూలమీది చాయ్ హోటలుకు వాడుక. దూడను తల్లి దగ్గరికి వదిలేవారు, బర్రె చేపగానే, అంటే పొదుగులోకి పాలు దిగగానే, దూడ మెడకు పగ్గం వేసి లాగేసేవారు. ఆ పగ్గం మా దుకాణంలోదే. ఆఖరికి విడిచిపెట్టేసరికి పొదుగులో ఏమీ ఉండేది కాదు. దూడ గుద్దుకుంటూ నిలబడేది. కొద్దిరోజులకు పారుడు రోగం పట్టుకుని నిలబడటం మానేసింది. పురుగులు పడ్డాయి అన్నారు, గాలి తగిలింది అన్నారు. చచ్చిపోయింది.

అప్పుడు బర్రె చేపలేదు. హోటలువాడు గిన్నె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బాపు మనిషిని పిలిపించి ఆ దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కూరించి కుట్టించారు. మీద ఉప్పునీళ్ళు చల్లి తల్లి ముందు పెట్టాలి. తల్లి దాన్ని నాకుతుంది, చేపుతుంది. ఆ గడ్డిదూడకు కాళ్ళు సరిగా నిలవవు. పడిపోకుండా పట్టుకునే పని నాకు ఒప్పగించారు. అన్నకు పొద్దున ట్యూషన్ ఉందట. చలికాలమంతా ఆ తోలును రెండు చేతులా పట్టుకుని నేను కూర్చున్నాను. బర్రె దాని నుదురు నాకుతూ మధ్యమధ్య నా చేతుల్నీ నాకేది. దాని నాలుక ఎంత గరుకో నాకు తెలుసు. సైన్సు సారుకు తెలియదు.

ఇదంతా అంశాలుగా రాశాను. ఒకటి, దూడకు పాలు వదలలేదు. రెండు, పాలు హోటలుకు పోయాయి. మూడు, ఈనినప్పుడు కాసిన జున్ను పంచడంలో అన్నకు రెండు ముక్కలు, నాకు ఒకటే పెట్టారు, అదీ గిన్నె అంచున మాడినది. నాలుగు, గడ్డిదూడను పట్టుకునే పని నాతో చేయించారు. అయిదు, దూడ దేనితో చచ్చిందని అడిగితే ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తరీ వినంతీ కీ, ఆ జవాబు నేనే కనుక్కునేలా నాకు ఈ విద్యలో ప్రవేశం ఇప్పించగలరు.

రాసినంతసేపు మెట్లెక్కి దిగలేదు. పూర్తయ్యాక చదువుకుంటే ఒక అక్షరం మార్చబుద్ధి కాలేదు. సంతకం చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, కింద తండ్రి సంతకం కావాలని.

బాపు నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివారు. మరాఠీ చదవగలరు కాని మెల్లగా, పెదవులు కదుపుతూ. దుకాణంలో గద్దె మీద కూర్చుని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. మూడో అంశం దగ్గర ఆగి వెనక్కి పోయి మళ్ళీ చదివారు. మడత పెట్టకుండా గల్లాపెట్టె మీద తూకంరాయి కింద పెట్టారు.

"సంతకం, బాపూ?"

"గిరాకి ఉన్నది. కనబడ్తలేదా?"

మరునాడు గిరాకీ లేదు. కాగితం రాయి కిందే ఉంది. ఆ మరునాడూ ఉంది. వాన గాలికి అంచులు తేమగా మెత్తబడి పైకి లేస్తున్నాయి. నేను ఏదో ఒక సాకుతో దుకాణం ముందునుంచి పోయేదాన్ని. ఉప్పు అయిపోయింది, బాపమ్మ మందు, తంతి కార్యాలయం దగ్గర స్నేహితురాలు. పోయేటప్పుడు రాయి చూసేదాన్ని, వచ్చేటప్పుడు రాయి చూసేదాన్ని. బిలోలి రైతు ఒకాయన ఆ రాయి తీసి తెలగపిండి తూయించుకుని, మళ్ళీ కాగితం మీదనే పెట్టడం నా కళ్ళారా చూశాను. ఆయన మొహం కూడా నాకు గుర్తే.

ఇంట్లో సంగతి తెలిసిపోయింది. అన్నే చదివి చెప్పాడు.

"ఇంటి సంగతి కాలేజిదాక తీస్కపోతవా?" అని అమ్మ పప్పు రుబ్బుతూ అడిగింది. "మీ బాపును గట్ల రాస్తరా ఎవరన్న?"

"అబద్ధం రాసిన్నా?"

"నిజమైతే రాయాల్నా?"

బాపమ్మ మంచంలోంచి అందుకుంది. "జున్ను గురించి ఇంక ఏడుస్తున్నదా గీ పోరి? అగో, చిన్నగున్నప్పుడే ఇంకొక ముక్క పెడితే అయిపోతుండె గద. ఎవరు పంచిండ్రో గానీ."

"నువ్వే పంచినవ్, బాపమ్మా."

"నేనైతే సమానంగనే పంచిన" అని అటు తిరిగి పడుకుంది.

గడువు చివరి రోజు. పోస్టులో వేస్తే అందదు, కాలేజీ ఉన్న ఊరికి పొద్దున రైలుకు పోయి చేత్తో ఇవ్వాలి. అన్న తోడు రావడానికి ఒప్పుకున్నాడు, సినిమాకు తీసుకుపొమ్మన్నట్టు మొహం పెట్టి. నేను దుకాణానికి పరుగెత్తాను. బాపు అప్పుడే తాళాలు తీస్తున్నారు. నన్ను చూసి లోపలికి పోయి, రాయి ఎత్తి, కాగితం తెచ్చి ఇచ్చారు. సంతకం ఉంది. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాల్లో. కాని అర్జీదారు పేరు పక్కన ఉంది. కింద మరాఠీలో "సాక్షీదార్" అని రాశారు.

"బాపూ, గిదేంది? తండ్రి అని రాయాలె గద. సాక్షి అని రాసినవ్."

"నువ్వు రాసింది ఏంది?"

"అర్జు."

"తక్రార్ రాసినవ్. తక్రార్‌కు సాక్షి ఉండాలె. చూసినోడు నేను కాకపోతే ఎవరున్నరు?" గొళ్ళెం తీసి తలుపు రెక్క వెనక్కి నెట్టారు. "పొమ్ము, రైలు పోతది."

మళ్ళీ రాసే వేళ లేదు. రైల్లో అన్న ఆ కాగితం చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒక్క సంతకం సక్కగ పెట్టించుకోరాలే నీకు. సీటు పాయె." నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అతను కొనిచ్చిన వేరుశనగకాయలు ముట్టలేదు.

కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా నేననుకున్నట్టే పట్టుకున్నాడు. "ఇక్కడ తండ్రి సంతకం ఏది?"

"అదే."

"ఇది సాక్షి సంతకం."

"ఆయనే తండ్రి, ఆయనే సాక్షి. ఒకరు రెండూ కాకూడదని మీ కాగితంలో రాసి ఉందా?"

లేదు. అతను అచ్చుకాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. చివరికి ఎర్ర పెన్సిలుతో సంతకం పక్కన పెద్ద ప్రశ్నార్థకం గీసి తీసుకున్నాడు. ఆ ఎర్రగీత నన్ను చాలారోజులు పడుకోనివ్వలేదు. పోస్టువాడు గల్లీ మొదట్లో సైకిలు దిగితే నేను చివర్లోంచి గంట గుర్తుపట్టేదాన్ని.

ముఖాముఖికి పిలుపు వచ్చింది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. నడుమ కూర్చున్నాయనకు తెల్లమీసాలు. నా కాగితం ఆయన చేతిలోనే ఉంది, ఎర్ర ప్రశ్నార్థకం నాకు అక్కడినుంచే కనబడుతోంది.

"ఇది ప్రవేశానికి అర్జా, ఫిర్యాదా?" అని మరాఠీలో అడిగారు.

"రెండూ, సార్."

"ఫిర్యాదు ఎవరిమీద?"

"మా నాన్న మీద."

"సాక్షి?"

"మా నాన్న."

పక్కన ఇద్దరూ నవ్వారు. ఒకాయన మరీ ఎక్కువ నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తెల్లమీసాలాయన నవ్వలేదు. కాగితం మీద వేలుపెట్టి, "ఈ మూడో అంశం" అన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. అంత మందిలో జున్నుముక్కల లెక్క చదివి నవ్వుతారనుకున్నాను.

"దూడ పుట్టగానే వచ్చిన పాలు, ఆ మొదటి పాలు, ఎంత తాగింది?"

"తాగలేదు, సార్. జున్ను కాశారు కదా."

"అంతా?"

"అంతా. గల్లీలో ప్రతి ఇంటికీ పంపాలి. మాలో అది ఆనవాయితీ. పంపకపోతే మాట పడాలి."

ఆయన కాగితం కింద పెట్టారు. "దూడ పుట్టినప్పుడు దాని ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఏమీ ఉండదు. అది ఆ మొదటి పాలల్లోనే వస్తుంది. ఆ తరువాత మీరు కడుపునిండా పోసినా అదిక రాదు. నీ అయిదో అంశానికి జవాబు నీ మూడో అంశంలో ఉంది. నువ్వు ముక్కలు లెక్కపెట్టావు."

నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్ళు మోసిన ఫిర్యాదులో అసలు అంశం నాకంటే ఆయనకు ఎక్కువ తెలియడం ఒకటి. ఇంటినిండా పెద్దవాళ్ళు, గొడ్ల సామాను దుకాణం, చుట్టూ ఊళ్ళనిండా గొడ్లవాళ్ళు, ఒక్కరూ నాకు ఈ మాట చెప్పకపోవడం ఇంకొకటి.

"నాకెవరూ చెప్పలేదు, సార్. అది ఆరో అంశం అవుతుంది. రాయమంటే ఇప్పుడే రాస్తాను."

"వద్దు" అన్నారాయన. "మీ గల్లీలో చెప్పు. దూడ తాగినంత తాగనివ్వండి, మిగిలింది మీరు తినండి. చెప్పగలవా?"

"వాళ్ళు వినరు, సార్."

"నువ్వు వదులుతావా?"

అప్పుడు నవ్వారు ముగ్గురూ. అది మెచ్చుకోలో వెక్కిరింతో నేను ఈనాటికీ తేల్చుకోలేదు.

సీటు ఇచ్చినట్టు కార్డు వచ్చింది. బాపు ఆ కార్డు చదివి, తూకంరాయి కింద పెట్టబోతే లాక్కున్నాను. జున్ను సంగతి ఇంట్లో ఆ సాయంత్రమే చెప్పాను. బాపమ్మ ఒప్పుకోలేదు. "మా అత్త కాసింది, నేను కాసిన, మీ అమ్మ కాసింది. మొన్న చదివినోడు చెప్తె ఇడిచిపెట్టాల్నా?" బాపు భోజనం దగ్గర తల ఎత్తలేదు. నేను రోజూ చెప్పాను. పొద్దున చెప్పాను, వడ్డించేటప్పుడు చెప్పాను. ఎందుకంటే కొట్టంలో ఉన్న బర్రె ఆ నెలలోనే ఈనాలి.

నేను హాస్టలుకు పోవడానికి రెండురోజుల ముందు అది ఈనింది. మళ్ళీ దున్నదూడే. ఆ పొద్దున కొట్టం తలుపు బాపు లోపలినుంచి వేసుకున్నారు. ఎవరినీ రానివ్వలేదు, నన్ను కూడా. గల్లీలో ఎవరింటికీ జున్ను పోలేదు. పక్కింటి ఆమె గిన్నె పంపి కనుక్కుంది. ఎదురింటి ఆమె, నేను నల్లా గురించి ఎన్నో అర్జులు రాసిపెట్టిన ఆమె, "షావుకారికి ఇవ్వడానికి చెయ్యి రాలేదేమో" అని మరాఠీలో నాకు వినబడేలా అంది. నేను ఊరు వదిలేరోజు గల్లీలో ఒక్కరు గడప దాటి రాలేదు. రాసిచ్చిన కాగితాలన్నీ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

స్టేషనుకు బాపు ఒక్కరే వచ్చారు. పెట్టె లోపల సర్ది, కిటికీలోంచి గుడ్డలో కట్టిన ఇత్తడి డబ్బా అందించారు.

"ఏంది బాపూ?"

"మీ అమ్మ పెట్టింది."

వాసన పట్టాను. యాలకులు, బెల్లం. "జున్నా? గింత చెప్పినంక కూడ కాసిండ్రా?"

"దూడ తాగినంకనే తీసిన. దాని కడుపు నిండినంకనే. కొంచమే."

"ఎవరు చూసిండ్రు?"

"నేనే చూసిన."

"తీసినోడివీ నువ్వే, చూసినోడివీ నువ్వేనా?"

"మరి ఎవరిని తేవాలె, బిడ్డా?" అన్నారు. రైలు కదిలింది. ఆయన రెండడుగులు వెంట నడిచి ఆగిపోయారు.

ఊరు దాటాక గుడ్డ విప్పి మూత తీశాను. రెండు ముక్కలు. రెండూ నడిమివి, తెల్లగా, ఎక్కడా మాడలేదు. మూత పెట్టేశాను. కొంతదూరం పోయాక మళ్ళీ తీశాను. అయిదు అంశాలు రాస్తే ఆయన తీర్చింది ఈ ముక్కల అంశం ఒక్కటేనా, లేక అన్నిటికంటే ముందు రాసిన దూడ పాలదీ తీర్చారా? తలుపు లోపలినుంచి వేసుకున్న కొట్టంలో ఏం జరిగిందో ఎవరిని అడగాలి? ఎదురు సీటు ముసలామె చాలాసేపు చూసి, "తింటే తిను, లేకుంటే మూసెయ్యమ్మా, ఈగలొస్తున్నయ్" అంది. ఆమెకేం తెలుసు? కాలేజీ ఊరు వచ్చేదాకా నేను ఆ మూత తీస్తూ, పెడుతూనే కూర్చున్నాను.